ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగర్‌ని నిజంగా అదుపులో పెట్టగలరా?

చిరుదీపం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది చిన్న స్వచ్ఛంద బృందం. ఇన్నాళ్లూ ఉచిత వైద్య శిబిరాలు పెడుతూ వచ్చాం. వచ్చినవాళ్లకి బీపీ, షుగర్ చూస్తాం, ఎక్కువుంటే చీటీ రాసి ఆసుపత్రికి వెళ్లమంటాం. అంతవరకే మా పని.

ఇప్పుడు బృందంలో రెండు వాదనలు నడుస్తున్నాయి. శిబిరాలు ఇంకా పెంచుదామని కొందరు. ఆ డబ్బుతోనే, అక్కడే ఉండే కొంతమందికి శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపుదామని ఇంకొందరు. టీకాలు, గర్భిణుల సంరక్షణ అంటే సరే, అందులో ఆరోగ్య కార్యకర్తల పని అందరూ చూసిందే. కానీ గుండెజబ్బు, పక్షవాతం, కిడ్నీ జబ్బు లాంటివాటిని డాక్టరు చదువు, నర్సు చదువు లేనివాళ్లు ఎలా ఆపుతారన్నది మావాళ్ల అనుమానం. నాకూ కొంత ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పొగడ్తలు వద్దు, పని ఎలా జరుగుతుందో కావాలి.

---

తిరకాసు

శిబిరం పెడితే ఫొటో వస్తుంది. ఇంటింటికీ తిరిగితే కుక్క వెంటపడుతుంది. మీవాళ్లు దేనికి ఓటేస్తారో చెప్పనక్కర్లేదు.

---

లెక్కలమాస్టారు

జోక్ బాగుంది గానీ, అసలు సమస్య ఎక్కడుందో ముందు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో హైబీపీ మీద ఒక నివేదిక ఇచ్చింది. 30 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లలో దాదాపు 130 కోట్ల మందికి హైబీపీ ఉంది. వాళ్లలో సగానికి కాస్త తక్కువ మందికి తమకు ఉందనే తెలియదు. ఇక అదుపులో ఉన్నది ప్రతి 5 మందిలో ఒక్కరికే.

ఇందులో ఒక సంగతి గమనించండి. తెలియనివాళ్లు సగమే. మిగతా సగానికి తెలుసు. తెలిసీ చాలామందికి అదుపులో లేదు. శిబిరం మొదటి సగానికి పనికొస్తుంది. రెండో సగానికి శిబిరం ఏం చేస్తుంది? ఉన్న సంగతే మళ్లీ చెప్పి పంపిస్తుంది.

---

వార్డు_నర్సు

మాస్టారు గారు అసలు చోటే పట్టుకున్నారు. నేను ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆ తర్వాత చాలాకాలం ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చాను. పని జరిగిన తీరు అడిగారు కాబట్టి అదే చెప్తాను.

మంచి కార్యకర్త ఇంట్లోకి వెళ్లగానే “మాత్రలు వేసుకుంటున్నారా?” అని అడగదు. అలా అడిగితే ఎవరైనా వేసుకుంటున్నామనే అంటారు. “ఆ మాత్రల అట్ట ఒకసారి తెస్తారా, పేరు రాసుకోవాలి” అంటుంది. అట్ట వస్తుంది. పోయిన నెల కొన్న అట్టలో ఇంకా సగం మాత్రలు ఉంటాయి. ఏమీ అనదు, కోప్పడదు. “ఇవి ఎప్పుడు వేసుకుంటే మీకు వీలు?” అని కదుపుతుంది. అప్పుడు బయటికొస్తుంది అసలు కథ. తల తిరుగుతోందని మానేశారు. లేదా పోయినసారి బీపీ నార్మల్ వచ్చింది కాబట్టి జబ్బు తగ్గిపోయిందనుకున్నారు. లేదా ఇంట్లో ఇద్దరికీ బీపీ ఉంటే ఒకరి మాత్రలు ఇద్దరూ పంచుకుంటున్నారు. ఈ మూడూ ఆసుపత్రి ఓపీలో ఎన్నటికీ తెలియవు. అక్కడ డాక్టరు “బీపీ తగ్గలేదే” అని డోసు పెంచుతారు. వేసుకోని మాత్ర డోసు పెంచితే లాభమేంటి?

కార్యకర్త చేసే పనిలో ముఖ్యమైన భాగం నా దృష్టిలో ఇదే. జబ్బును కనిపెట్టడం కాదు, కనిపెట్టాక జారిపోకుండా చూడటం.

---

స్టెతస్కోపు

డాక్టరుగా నా భయం ఒకటుంది, చెప్పనివ్వండి. సరిగ్గా చూడని బీపీ, అసలు చూడని బీపీ కంటే ఎక్కువ తలనొప్పి తెస్తుంది. మనిషి ఎండలో నడిచొచ్చి కూర్చోగానే కఫ్, అంటే బీపీ చూసేందుకు చేతికి చుట్టే పట్టీ, చుట్టేస్తారు. 150 వస్తుంది. కంగారుపడి మా దగ్గరికి వస్తాడు, ఇక్కడ 128 ఉంటుంది. పదిమంది ఇలా వచ్చాక అసలైన పదకొండో మనిషిని కూడా “ఆ, మీకూ అంతేలే” అని పంపేసే ప్రమాదం ఉంది.

అందుకే మీరు ఏ దారి పట్టినా ముందు ఇవి నేర్పండి. 5 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ ఉండకూడదు. వీపుకి ఆసరా, పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తులో ఉండాలి. కఫ్ బట్ట మీద కాదు, చర్మం మీద. మూత్రం ఆపుకుని కూర్చోనివ్వకండి. చూసేటప్పుడు కబుర్లు వద్దు. నిమిషం తేడాతో కనీసం రెండుసార్లు చూడాలి. చేయి లావుగా ఉన్నవాళ్లకి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది. ఒక్కరోజు 140/90 దాటిందని “మీకు బీపీ ఉంది” అనే ముద్ర వేయకూడదు, ఇంకోరోజు మళ్లీ చూడాలి. 180/110 దాటినా, ఛాతీ నొప్పి, మాట తడబడటం లాంటివి ఉన్నా ఇంకోరోజు అనే మాటే లేదు, వెంటనే పంపాలి.

---

వార్డు_నర్సు

డాక్టరు గారూ, పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ మీ ఓపీలో ఆ 5 నిమిషాలు ఎవరైనా కూర్చోబెడుతున్నారా? ఇంట్లో ఆ సమయం దొరుకుతుంది. బాగా నేర్పితే కార్యకర్త చూసిన బీపీయే నమ్మదగ్గది.

---

స్టెతస్కోపు

దెబ్బ గట్టిగానే తగిలింది. సరే, ఒప్పుకున్నా.

---

లెక్కలమాస్టారు

చిరుదీపం గారు “ఆపగలరా” అని అడిగారు. దానికి గట్టి పరీక్షలే జరిగాయి.

హోప్-4 అనే పరిశోధన కొలంబియా, మలేషియాల్లో చేశారు, 2019లో ఫలితాలు వచ్చాయి. మొత్తం 30 సముదాయాలు. దాదాపు సగం చోట్ల మామూలు వైద్యం. మిగతా చోట్ల డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు టాబ్లెట్ కంప్యూటర్‌లోని సూచనలు చూసుకుంటూ, డాక్టరు పర్యవేక్షణలో, బీపీ ఉన్నవాళ్లని చూసుకున్నారు. మందులు ఉచితం. ప్రతి రోగికీ ఇంట్లోవాళ్లో స్నేహితుడో ఒకరు తోడుగా ఉండి గుర్తుచేసే ఏర్పాటు కూడా పెట్టారు. ఏడాది తిరిగేసరికి మామూలు వైద్యం అందినవాళ్ల కంటే వీళ్లకి పై బీపీ (140/90 అంటే అందులో 140) సగటున 11 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఇది చిన్న విషయం కాదు.

కోబ్రా-బీపీఎస్ అని ఇంకోటి, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో. 2020లో వచ్చింది. అక్కడ కొత్తవాళ్లని పెట్టుకోలేదు, అప్పటికే ప్రభుత్వంలో పనిచేస్తున్న కార్యకర్తలే ఇళ్లకి వెళ్లి బీపీ చూశారు, జాగ్రత్తలు చెప్పారు, అవసరమైనవాళ్లని డాక్టరు దగ్గరికి పంపారు. ఆ డాక్టర్లకీ శిక్షణ ఇచ్చారు. రెండేళ్లకి పై బీపీ దాదాపు 5 పాయింట్లు అదనంగా తగ్గింది. ఒక మనిషికి 5 అంటే పెద్దగా అనిపించదు. జనాభా మొత్తానికి 5 తగ్గితే పక్షవాతాలు బాగా తగ్గుతాయి.

---

తిరకాసు

గెలిచినవే చెప్తున్నారు మాస్టారూ. ఓడినవి అల్మారాలో దాచారా?

---

లెక్కలమాస్టారు

దాచలేదు, అవే ఎక్కువ నేర్పుతాయి.

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో స్మార్ట్‌హెల్త్ అనే ప్రయోగం జరిగింది. ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ ఇచ్చారు, గుండెజబ్బు ముప్పు ఎవరికి ఎక్కువుందో అది లెక్కగట్టి చెప్తుంది, వాళ్లని డాక్టరు దగ్గరికి పంపాలి. కార్యకర్తలు బాగానే చేశారు. అయినా బీపీ అదుపులో ఉన్నవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే కుటుంబానికి చెందిన పద్ధతిని ఇండోనేషియాలో అమలు చేస్తే తేడా బాగా కనిపించింది, అక్కడ మందులు వాడేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగారు.

హోప్-4ని కూడా వీటి పక్కన పెట్టి చూడండి. టాబ్లెట్ అన్నిచోట్లా ఉంది. కార్యకర్త అన్నిచోట్లా ఉంది. గెలిచినచోట మందు మనిషి చేతిలోకి వచ్చింది. నా అభిప్రాయం ఇది, పరిశోధకులు ఇంకా చాలా కారణాలు రాశారు.

షుగర్ రాకుండా ఆపడం గురించి కూడా ఒక మాట. 2002లో అమెరికా పరిశోధన ఒకటి, బరువు 7 శాతం తగ్గి వారానికి 150 నిమిషాలు నడిస్తే ముప్పు ఉన్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గిందని చూపింది. కానీ అందులో శిక్షణ పొందిన నిపుణులు ఒక్కొక్కరి వెంటా పడి చేయించారు. కేరళలో తోటివాళ్లే నాయకులుగా గుంపుల్లో చేయిస్తే షుగర్ వచ్చినవాళ్లు కాస్త తగ్గారు గానీ, గణాంకాల ప్రకారం గట్టిగా చెప్పేంత తేడా కాదు. కాబట్టి బీపీ అదుపు విషయంలో ఆధారం గట్టిది, షుగర్ రాకుండా ఆపడంలో అంత గట్టిది కాదు.

---

ఎర్రసంచి

చాలా రోజులుగా చదువుతూ వెళ్లిపోతున్నాను, ఈ చర్చలో మాత్రం రాయక తప్పలేదు. నేను ఆరోగ్య కార్యకర్తనే. ఏ ఊరు, ఏ పథకం అని చెప్పను, ఏమనుకోకండి.

మాస్టారు గారు మందు చేతిలోకి రావాలన్నారు కదా. రాకపోతే ఎలా ఉంటుందో చెప్తాను. మా వీధిలోనే ఉండే ఒక పెద్దావిడని పదేపదే బతిమాలి ఆసుపత్రికి పంపాను. కూలి మానుకుని వెళ్లింది. ఆ రోజు ఆ మందు స్టాకు లేదట, వచ్చే వారం రమ్మన్నారట. వచ్చే వారం కూడా లేదు. మూడోసారి నేను వెళ్తే తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. ఆమె దృష్టిలో ఆసుపత్రి కాదు, నేను అబద్ధమాడాను. ఆ గడపలో నేను సంపాదించుకున్న నమ్మకం ఒక్క మాత్ర లేక పోయింది. ఆవిడ రోజూ నాకు కనిపిస్తుంది కూడా. డాక్టరుకి ఆ బాధ లేదు, బదిలీ అయితే వెళ్లిపోతారు.

అందుకే చిరుదీపం గారూ, మందు ఏర్పాటు ముందు, మనుషుల్ని పంపడం తర్వాత.

ఇంకోటి. పగలు వెళ్తే మగవాళ్లు దొరకరు. ఇంటి దగ్గర ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. 35, 40 ఏళ్ల మగవాళ్లు, పొగ తాగేవాళ్లు, వాళ్లే మన లిస్టులో ఉండరు. వాళ్లు పనిచేసే చోటికి వెళ్లాలి, లేదా సాయంత్రం వెళ్లాలి. సాయంత్రం ఒంటరిగా వెళ్లడం మాకు భయం. ఇద్దర్ని కలిపి పంపండి.

---

వార్డు_నర్సు

ఎర్రసంచి గారూ, రాసినందుకు చాలా సంతోషం. ఇక్కడి మా మాటలన్నిటికంటే మీ మాట బరువైంది.

---

రెండోకొడుకు

మా నాన్న విషయం చెప్తాను. బీపీ మాత్ర మొదలుపెట్టాక కాళ్లు వాచాయి. ఆయన అది కిడ్నీ చెడిపోయిన గుర్తు అనుకున్నారు. మాత్ర వల్లే కిడ్నీ పోతోందని ఎవరో చెప్పారు కూడా. మాకు చెప్పకుండా మానేశారు. అడిగి తెలుసుకోవడానికి ఆసుపత్రిలో అంత తీరిక ఎవరికీ లేదు. మా దగ్గరికి నెలకోసారి వచ్చే కార్యకర్తే ఆ కాళ్ల వాపు చూసి, “ఏ మాత్ర వాడుతున్నారు తాతగారూ?” అని అడిగింది. అది ఆ మాత్రతో వచ్చే వాపు అయ్యుండొచ్చు, ఒకసారి డాక్టరుకి చూపించి మార్పించుకుందాం అంది. డాక్టరు మాత్ర మార్చారు, వాపు పోయింది, ఇప్పుడు వేసుకుంటున్నారు. మా ఇంట్లో ఇంత చదువుకున్నవాళ్లం ఉండి ఎవరికీ తట్టలేదు.

---

స్టెతస్కోపు

అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర అయ్యుంటుంది. అది వాడేవాళ్లలో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలతో కొందరికి పొడిదగ్గు వస్తుంది. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మొదట్లో కొందరికి కడుపు పాడు చేస్తుంది, భోజనంతో వేసుకుంటే తగ్గుతుంది. అయితే కాళ్ల వాపు గుండె, కిడ్నీ సమస్యల వల్ల కూడా రావచ్చు. అందుకే ఆ అమ్మాయి చేసింది సరిగ్గా సరైన పని. తనే తేల్చలేదు, మానేయమనలేదు, మార్చమనలేదు. అనుమానించి పంపింది. మందు పేర్లు బట్టీ పట్టించనక్కర్లేదు, మాత్ర మానేయడానికి జనం చెప్పే ఈ నాలుగైదు కారణాలు మాత్రం కార్యకర్తకు నోటికి రావాలి.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలు చూడటం కూడా నేర్పండి. నా దగ్గరికి వచ్చేసరికి వేలు నల్లబడి ఉంటుంది. అంతకుముందు నెల రోజులు అది చిన్న పుండే. నొప్పి తెలియదు కాబట్టి వాళ్లు చూసుకోరు. వేళ్ల సందుల్లో, మడమ కింద ఎవరైనా వంగి చూస్తే చాలు, కాలు దక్కుతుంది.

---

గోడమీదపిల్లి

ఇన్ని బాధ్యతలు ఒక్క మనిషి మీద వేస్తారా? గర్భిణులు, టీకాలు, సర్వేలు, ఇప్పుడు బీపీ, షుగర్, కాళ్లు, కళ్లు... గాడిద మీద మూట మీద మూట.

---

ఎర్రసంచి

పిల్లి గారూ, మా గోడు మీరైనా రాశారు. కొత్త పని ఇచ్చినప్పుడల్లా కొత్త రిజిస్టర్ ఇస్తారు, పాతది తీసుకోరు. ఫారానికి ఇంత అని డబ్బులు లెక్కగడితే ఏమవుతుందో కూడా రాస్తాను. ఫారాలు నిండుతాయి. మళ్లీ వెళ్లి మాత్ర అట్ట చూసే పనికి ఫారం లేదు, కాబట్టి డబ్బూ లేదు. ఎవరు చేస్తారు?

---

తిరకాసు

సేవ అనుకుని చేయొచ్చుగా? డబ్బు లెక్కలోకి దిగితే సేవాభావం పోతుందంటారు మావాళ్లు.

---

ఎర్రసంచి

మీవాళ్లు జీతం తీసుకోకుండా పనిచేస్తున్నారా?

---

వార్డు_నర్సు

దీని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పని కష్టానికీ, గంటలకీ, శిక్షణకీ తగ్గ వేతనం ఇవ్వాలి, పూర్తిగానో ఎక్కువభాగమో పనిని బట్టి ఇచ్చే ప్రోత్సాహకాల మీదే ఆధారపెట్టకూడదు, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, పెళ్లి అయిందా లేదా అని చూసి ఎంపిక చేయకూడదు అని. మన దేశంలో ఆశాలు 2005లో మొదలైనప్పటి నుంచి వాళ్లకు వచ్చేది ఎక్కువగా పనికింత అనే ప్రోత్సాహకమే. 2022లో అదే సంస్థ వాళ్లకి ప్రపంచ ఆరోగ్య నాయకుల పురస్కారం ఇచ్చింది. వేతనం సంగతి మాత్రం ఇంకా ధర్నాల దగ్గరే ఉంది.

---

చిరుదీపం

చాలా నేర్చుకుంటున్నాను. ఎవరిని ఎంచుకోవాలి, ఎంత చదువు, ఎన్ని రోజుల శిక్షణ అన్నది కూడా చెప్తారా? ఒక్కొక్కరికి ఎన్ని ఇళ్లు?

---

వార్డు_నర్సు

ఒక్క లెక్క అందరికీ సరిపోదు. ఇరాన్‌లో బెహ్వర్జ్‌లని ఉంటారు. ఆ పల్లెల వాళ్లనే తీసుకుని దాదాపు రెండేళ్లు శిక్షణ ఇచ్చి, ఊళ్లోని ఆరోగ్య గృహంలో జీతం మీద పెడతారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లని వాళ్లే చూసుకుంటారు. బ్రెజిల్‌లో కార్యకర్త డాక్టరు, నర్సు ఉన్న కుటుంబ ఆరోగ్య బృందంలో సభ్యురాలు. సాధారణంగా ఒక్కొక్కరికి 750 మందికి మించకుండా అప్పగిస్తారు, సగటున నెలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లాలి. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్లైన ఆరోలే దంపతులు 1970లో మొదలుపెట్టిన పనిలో ఊరివాళ్లే ఎంచుకున్న ఆడవాళ్లకి, వాళ్లలో చదువు రానివాళ్లే చాలామంది, వారం వారం రప్పించి నేర్పారు. ఒకేసారి కుక్కి పంపలేదు. ఇప్పటికీ నాకు నచ్చిన పద్ధతి అదే. కొంచెం నేర్పు, పనిలోకి పంపు, ఏం జరిగిందో విను, ఇంకొంచెం నేర్పు.

చదువు కంటే నేను చూసేది ఒకటే. ఆ వీధిలో కష్టం వస్తే జనం ఇప్పటికే ఎవరి తలుపు తడుతున్నారు? ఆమెని అడగండి.

---

గోడమీదపిల్లి

నాదింకో మాట. అందరూ మందు, బీపీ అంటున్నారు. మా ప్రాంతంలో కార్యకర్త చేసే పెద్ద మేలు మందుతో సంబంధం లేనిది. ఏ కాగితం తీసుకెళ్లాలి, ఏ కౌంటర్లో నిలబడాలి, ఏ రోజు ఏ డాక్టరు ఉంటారు, ఇవి తెలియకే సగంమంది తిరిగొచ్చేస్తారు. ఒకసారి పక్కన నడిచి చూపిస్తే రెండోసారి వాళ్లే వెళ్తారు. మంచాన పడ్డవాళ్లు, నిన్నమొన్న వలస వచ్చినవాళ్లు, మతి సరిగా లేనివాళ్లు అయితే ఏ శిబిరానికీ రారు. వాళ్లు ఉన్నారని తెలిసేదే ఆ కార్యకర్త వల్ల.

---

స్టెతస్కోపు

నిజం. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త, ఒకరి ఇంట్లో విన్నది పక్కింట్లో చెప్పకూడదు. షుగర్ ఉందని తెలిస్తే పెళ్లి సంబంధాల దగ్గర మాటలు వస్తాయి. కార్యకర్త అదే వీధి మనిషి కాబట్టి ఈ భయం ఎక్కువ. ఒక్కసారి నోరు జారితే ఆ వీధి మొత్తం మూసుకుంటుంది.

---

లెక్కలమాస్టారు

చిరుదీపం గారూ, కొలిచేదాని గురించి ఒక సలహా. ఎంతమందిని చూశాం అనేది మీ నివేదిక మొదటి వరుసలో రాయకండి. బీపీ ఉందని తేలినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎంతమంది మాత్ర వాడుతున్నారు, వాళ్లలో ఎంతమందికి 140/90 లోపు ఉంది, కనిపించకుండా పోయినవాళ్లు ఎంతమంది, ఈ మూడు రాయండి. మొదటిసారి ఆ అంకెలు చూసి మీకు బాధేస్తుంది. దాచకండి.

---

చిరుదీపం

నిన్న బృందంలో ఈ చర్చంతా చదివి వినిపించాను. శిబిరాలు పెంచే ఆలోచన ప్రస్తుతానికి ఆపాం. ఇప్పటికే శిబిరాల్లో చీటీ రాసిచ్చినవాళ్ల పేర్లు మా దగ్గర ఉన్నాయి, కొత్తవాళ్లని వెతికే ముందు వాళ్ల ఇళ్లకే వెళ్దామని నిర్ణయించాం. దగ్గర్లోని ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడి, మందు స్టాకు ఉందో లేదో ముందే తెలుసుకునే ఏర్పాటు చేసుకుంటాం. మందు లేని వారం ఎవరినీ పంపం. కార్యకర్తలకి నెలకింత అని స్థిరంగా ఇస్తాం, ఫారానికింత అని కాదు. అందుకు డబ్బు తక్కువ కాబట్టి తక్కువ మందితో, తక్కువ ఇళ్లతో మొదలుపెడతాం.

ఒక సందేహం. చీటీ ఇచ్చినా వెళ్లనివాళ్లని కలిసినప్పుడు మొదటి మాట ఏమనాలి? “ఎందుకు వెళ్లలేదు?” అంటే నిలదీసినట్టు ఉండదా?

---

ఎర్రసంచి

ఉంటుందండి. నేనైతే “ఆ రోజు ఎండలో వచ్చారు, ఒకసారి నెమ్మదిగా కూర్చోబెట్టి మళ్లీ చూద్దామని వచ్చాను” అంటాను. అది నిజమే కదా. కూర్చుంటారు. ఆ 5 నిమిషాల్లో వాళ్లే చెప్తారు ఎందుకు వెళ్లలేదో.

పెద్ద సైజు కఫ్ కూడా ఒకటి కొనండి, మర్చిపోకండి.